గౌతమి మీద తొమ్మిది రోజులు

సియాటిల్ నడిబొడ్డున లేక్ యూనియన్ అని ఒక మంచినీటి సరస్సు ఉంది. దాని ఒడ్డున వరసగా కట్టేసిన పడవల్లో ఒకటి మా బాబాయి కొడుకుది. 26 అడుగుల పొడవు. ముందు ఇద్దరు పడుకునే చోటు, మధ్యలో చుక్కాని చక్రం, పొయ్యి, మడత బల్ల, వెనక రెండు కుర్చీలు పట్టేంత జాగా. ఈ రకాన్ని నార్డిక్ టగ్ అంటారు. 1980లో సియాటిల్ బోట్ షోలో మొదటిసారి జనానికి చూపించారట. రేవుల్లో పెద్ద ఓడల్ని లాక్కెళ్లే టగ్గు బోటును ముచ్చటగా కుదించినట్టు ఉంటుంది. పరుగులు తీసే పడవ కాదు. గంటకి ఏడు నాటికల్ మైళ్లు పోతే చాలనుకుని, ఆరేడు లీటర్ల డీజిలుతో సరిపెట్టుకుంటుంది. మా తమ్ముడిది నలభై ఏళ్ల నాటిది, ఇద్దరు యజమానుల చేతులు మారి వచ్చింది. కొన్నాక వెనక చెక్క మీద తెలుగులో 'గౌతమి' అని రాయించాడు. మా ఊరి పక్కన పారే గోదావరి పాయ పేరది.

2025 ఆగస్టు మొదట్లో నేను కాకినాడ నుంచి అక్కడికి వెళ్లాను. మర్నాడే పడవ దగ్గరికి తీసుకెళ్లి అన్నీ చూపించాడు. దారి చూపే తెర, రాడారు, తనంతట తానే చుక్కాని తిప్పే ఆటోపైలట్, ఫ్రిజ్, పైకప్పు మీద సోలారు పలక, చలికి డీజిలు హీటరు. నిజంగా బాగున్నాయి. అన్నీ చూశాక అడిగాను.

"ఇంజను చూపించరా."

"అది కిందుంది అన్నయ్యా. దానికేం, బంగారంలాంటి ఇంజను" అంటూ నేల పలకలు ఎత్తాడు.

మా నాన్న రాజమండ్రిలో లాంచీ ఇంజను డ్రైవరు. పైన సరంగు చక్రం పట్టుకుని గంట కొడితే కింద నాన్న గేరు మార్చేవాడు. సెలవుల్లో నన్ను కూడా తీసుకెళ్లేవాడు. పాపికొండలు చూడ్డానికి జనం డెక్కు మీద నిలబడితే, నేను కింద వేడిలో నాన్న పక్కన కూర్చుని చప్పుడు వినేవాణ్ణి. తర్వాత కాకినాడలో ముప్పై ఏళ్లు చేపల బోట్ల ఇంజన్లు బాగుచేశాను. అందుకని ఏ పడవ ఎక్కినా నా చెయ్యి ముందు ఇంజను వైపే పోతుంది.

గౌతమి ఇంజను నిజంగానే మంచిది. కానీ దాన్ని చల్లబరిచే సముద్రపు నీటి పంపు ఎదురుగా చెయ్యి మందాన ఒక గొట్టం అడ్డంగా పోతోంది. హీటరు నుంచి వేడిగాలి ముందు గదికి తీసుకెళ్లే డక్టు అది. వెనకటి యజమాని హయాంలో ఎవరో పనివాడు దగ్గరి దారి చూసుకుని బిగించాడు. వేలు పెట్టి తడిమాను. పంపు మూత తగులుతోంది గానీ మూతకున్న మరలు తిప్పడానికి స్క్రూడ్రైవరు పట్టే సందు లేదు.

"ఇంపెల్లరు ఎప్పుడు మార్చావురా?"

"నేను కొన్నాక మార్చలేదు అన్నయ్యా. అవసరం రాలేదు."

కొని నాలుగేళ్లయింది. పంపులో తిరిగే రబ్బరు చక్రమే ఇంపెల్లరు. పువ్వు రేకుల్లా రెక్కలుంటాయి. ఆ రెక్కలు వంగుతూ, లేస్తూ నీళ్లు తోస్తాయి. చలికాలమంతా పడవ కదలకుండా ఉంటే రెక్కలు వంగినవి వంగినట్టే బిగుసుకుపోతాయి. ఏటా మార్చాల్సిన సామాను అది. ఆ రోజే డక్టు తీయించి ఉండాల్సింది. మేం అనుకున్న సముద్ర ప్రయాణానికి ఇంకా మూడు రోజులే ఉన్నాయని, తిరిగొచ్చాక చూద్దామన్నాడు. నేను గట్టిగా చెప్పలేదు. ఆ తప్పు నాదే.

ఆ మూడు రోజులూ ఇద్దరం పడవ మీదే ఉన్నాం. నీటిమట్టానికి కింద ఉన్న ప్రతి రబ్బరు గొట్టానికీ రెండేసి క్లాంపులు ఉన్నాయో లేదో చూశాం. గొట్టం ఊడితే నీళ్లు ఆపడానికి పడవ అడుగున కవాటాలుంటాయి, సీకాక్ అంటారు. రెండు బిగుసుకుపోయి ఉన్నాయి. గ్రీజు పెట్టి, తిరిగేదాకా తిప్పాం. తిరగని సీకాక్ ఉన్నా లేనట్టే. ఒక్కొక్క దాని పక్కన సరిపడా చెక్క బిరడా తాడుతో కట్టాం. గొట్టం చినిగితే బిరడా కోసం వెతుక్కునే టైముండదు. పడవ అడుగు అంతా తుడిచి, ఇంజను కింద తెల్ల గుడ్డ పరిచాం. తెల్ల గుడ్డ మీద ఆయిలు చుక్క పడితే పొద్దున్నే కనబడుతుంది. అడుగున చేరే నీళ్లు తోడే పంపు ఫ్లోటు పైకెత్తి చూస్తే వెంటనే తిరిగింది.

బ్యాటరీలు అతను బాగా పెట్టుకున్నాడు. ఇంజను స్టార్టుకి ఒకటి విడిగా, ఫ్రిజ్జుకీ దీపాలకీ రెండు వేరుగా. రాత్రంతా ఫ్రిజ్ తిరిగినా పొద్దున ఇంజను లేవడానికి దిగులుండదు. ఈ ఒక్క ఏర్పాటు లేక తీరానికి దూరంగా చిక్కుకున్న బోట్లను నేను కాకినాడలో చాలా చూశాను. వైర్లకు తగరం పూత ఉన్న రాగి తీగలే వాడాడు. కొసలు నొక్కి బిగించి, పైన వేడికి ముడుచుకునే తొడుగు వేశాడు. ఉప్పుగాలికి మామూలు రాగి తీగ లోపల్లోపలే నల్లబడిపోతుంది, పైకి తెలీదు.

యానోడ్ల సంగతి ఇక్కడ చెప్పాలి. నీళ్లలో కంచు ప్రొపెల్లరు, స్టీలు షాఫ్టు పక్కపక్కన ఉంటే లోహం మెల్లిగా అరిగిపోతుంది. వాటికి బదులు కరిగిపోవడానికని ఇంకో లోహపు ముక్క బిగిస్తారు. ఉప్పునీళ్లలో జింకు ముక్క చక్కగా పనిచేస్తుంది. మంచినీళ్లలో దాని మీద పొర కట్టి నిద్రపోతుంది. లేక్ యూనియన్ మంచినీటి సరస్సు, మేం వెళ్లేది ఉప్పునీళ్లకి. ఇలా రెండు నీళ్లూ తిరిగే పడవకి అల్యూమినియం ముక్క సరైనది, రెండుచోట్లా పనిచేస్తుంది. గౌతమికి జింకు ఉండేది. నీళ్లలోకి దిగి పనిచేసే ఒక డైవరు వచ్చి గంటలో మార్చి వెళ్లాడు. విప్పిన జింకు ముక్క కొత్తదానిలా ఉంది. 'అరగలేదు, మంచిదేగా' అన్నాడు తమ్ముడు. అరగకపోవడమే దాని జబ్బు.

నాలుగో రోజు తెల్లవారి ఆరింటికి కట్లు విప్పాం. నేను, తమ్ముడు, మా మరదలు. వాషింగ్టన్ రాష్ట్రంలో మోటారు పడవ నడపడానికి చదువుకుని తీసుకోవాల్సిన కార్డు తమ్ముడి దగ్గరుంది. ముగ్గురికీ లైఫ్ జాకెట్లు. పడవ కదిలే ముందు వాటిని వేసుకోవాలన్నది మా మరదలు పెట్టిన నియమం, ఆవిడ మాటకి ఎదురు లేదు.

సరస్సు నుంచి సముద్రానికి దిగాలంటే బల్లార్డ్ లాక్స్ దాటాలి. 1917లో అమెరికా సైన్యం ఇంజనీర్ల విభాగం కట్టింది. పైనున్న సరస్సుకీ కిందున్న సముద్రానికీ మధ్య మెట్టు లాంటిది. ఆటుపోట్లను బట్టి తేడా 6 అడుగుల నుంచి 26 అడుగుల దాకా ఉంటుంది. పెద్ద లాకు 825 అడుగుల పొడవు. ధవళేశ్వరం దగ్గర కాలవల లాకులు చూసినవాడిని కాబట్టి పద్ధతి నాకు కొత్త కాదు, కొలత కొత్త. పడవలన్నిటినీ లోపలికి రానిచ్చి, తలుపులు మూసి, నీళ్లు కిందికి వదులుతారు. గోడకి వేసిన మోకుల్ని ముడి వెయ్యకుండా చేత్తో పట్టుకుని కొద్దికొద్దిగా వదలాలి. ముడేస్తే నీళ్లు దిగిపోతాయి, పడవ గోడకి వేలాడుతుంది. అందుకే 50 అడుగుల మోకులు రెండు తప్పకుండా ఉండాలి. ఇంత పనికీ పైసా తీసుకోరు.

లాకుల పక్కనే సాల్మన్ చేపలు ఎక్కి రావడానికి మెట్లు కట్టారు. కిందటి రోజు అక్కడి అద్దాల గది చూసి వచ్చాం. చినూక్ అనే పెద్ద జాతి సాల్మన్లు నీటి వడికి ఎదురీదుతూ కళ్ల ముందే నిలబడ్డాయి. మేం సముద్రంలోకి దిగుతుంటే అవి సరస్సులోకి ఎక్కుతున్నాయి.

ప్యూజెట్ సౌండ్ అనే ఆ ఉప్పునీటి పాయ అద్దంలా ఉంది. పాటు వెంట వెళ్లాం గనక గౌతమికి అదనంగా గంటకి రెండు మైళ్లు కలిసొచ్చింది. ఇక్కడి సరంగులందరికీ దుంగలంటే భయం. కొండల మీద అడవులు, నరికిన మానులు, నదులు మోసుకొచ్చినవి. కొన్ని అడ్డంగా తేలతాయి. నీళ్లు పీల్చి బరువెక్కినవి నిలువుగా నిలబడి తల మాత్రం పైకి పెడతాయి. రాడారుకి దొరకవు. మనిషి కన్నే దిక్కు. ఆటోపైలట్ నడుపుతున్నా ఒకరు ముందుకు చూస్తూ ఉండాల్సిందే. సముద్రం అడుగున పీతల కోసం వేసిన బోనుల తాళ్లు మరో తంటా. ఆ తాడు ప్రొపెల్లరుకి చుట్టుకుంటే ఇంజను నిలబడిపోతుంది. అదృష్టవశాత్తూ గౌతమి అడుగున నిలువునా ఒక దూలం ఉంటుంది, ప్రొపెల్లరు దాని చాటున తిరుగుతుంది. పాతకాలం పడవల్లో నాకు నచ్చే గుణమిది.

మధ్యాహ్నానికి పోర్ట్ టౌన్‌సెండ్ చేరాం. ఇటుకల పాత భవనాలు, వాటి వెనక పడవలు కట్టే షెడ్లు. 1977 నుంచి ఏటా సెప్టెంబరులో ఇక్కడ చెక్కపడవల పండగ జరుగుతుంది. మేం పండగకి నెల ముందే వచ్చాం. అయినా రంపపు పొట్టు వాసన, వార్నీషు వాసన ఊరంతా ఉన్నాయి. ఒక షెడ్డులో కుర్రాళ్లు పలకల సందుల్లో నూలు కూరుతున్నారు. మా వైపు పడవ కట్టేవాళ్లు చేసే పనే. వాళ్లలో ఒకడు నా చేతులు చూసి తన సుత్తి నాకిచ్చాడు. రెండడుగుల సందు నేనే కూరాను. ఆ సాయంత్రం నాకింకేమీ చూడాలనిపించలేదు.

మర్నాడు దాటాల్సింది జువాన్ డి ఫ్యూకా జలసంధి. వేసవిలో మధ్యాహ్నం కాగానే పడమటి నుంచి గాలి లేస్తుంది. అందుకని చిన్న పడవలు తెల్లారగట్లే దాటేస్తాయి. మేమూ అయిదున్నరకే బయల్దేరాం. పాయింట్ విల్సన్ దీపస్తంభం దాటగానే ప్రవాహాలు కలిసేచోట నీళ్లు ఉడుకుతున్నట్టు లేచి పడ్డాయి. అది దాటాక పలచటి మంచు, నిశ్శబ్దం, ఇంజను చప్పుడు.

గంట గడిచాక ఆ చప్పుడు మారింది.

ఈ పడవల్లో సముద్రపు నీళ్లు ఇంజన్ని చల్లబరిచి, పొగతో కలిసి వెనక గొట్టంలోంచి బయటికి పడతాయి. పొగ తడిగా 'గుబుక్ గుబుక్' మంటూ వస్తుంది. ఇప్పుడది పొడి గొంతుతో దగ్గుతోంది. వేడి చూపే ముల్లు ఇంకా మామూలు చోటే ఉంది.

"ఇంజను ఆపరా."

"ముల్లు బానే ఉంది కదన్నయ్యా."

"ముల్లు తర్వాత చెబుతుంది. ముందు ఆపు."

చక్రం దగ్గరకెళ్లి గేరు తీసేలోగా ముల్లు 80 నుంచి 92 డిగ్రీలకి ఎక్కింది. ఆపేశాం. లోతు 70 మీటర్ల పైన, లంగరు వేసే చోటు కాదు. మేమున్నది సియాటిల్, టకోమా రేవులకి పెద్ద ఓడలు వచ్చే దారికి దగ్గర. మరదలు రేడియో అందుకుని ఓడల రాకపోకలు చూసే సియాటిల్ ట్రాఫిక్ వాళ్లకి మేమున్న చోటు, ఇంజను ఆగిన సంగతి చెప్పింది. వాళ్లు తొణక్కుండా రాసుకుని, పదిహేను నిమిషాలకోసారి కబురు చెప్పమన్నారు. ఆవిడ ఆ పని గడియారం చూసుకుంటూ చేసింది. మేమిద్దరం ఇంజను మీద పడ్డాం.

మొదట నీళ్లు వడకట్టే జల్లెడ డబ్బా. సీకాక్ మూసి, మూత తీస్తే గుప్పెడు సముద్రపు గడ్డి. తీసేశాం. మూత బిగించి, సీకాక్ తెరిచి, మళ్లీ తెరిచామా లేదా అని ఇద్దరం విడివిడిగా చూశాం. కంగారులో మూసిన సీకాక్ మూసినట్టే వదిలేసి ఇంజన్లు మాడ్చుకున్నవాళ్లున్నారు. స్టార్టు చేస్తే పొగ మళ్లీ పొడిగానే వచ్చింది. ఆపేశాం. ఇక మిగిలింది ఇంపెల్లరే, దాని ముందు ఆ డక్టు.

తమ్ముడి చెయ్యి నాకంటే సన్నం. భుజం దాకా దూర్చినా మర తిరగలేదు. పది నిమిషాలు చూశాను. పడవ మెల్లిగా తిరుగుతూ ప్రవాహంతో పోతోంది. మంచులో ఎక్కడో ఓడ కూత పొడుగ్గా వినబడింది.

"కత్తి తీసుకుని డక్టు కోసెయ్యి" అన్నాను.

ఒక్క క్షణం నా మొహంలోకి చూసి కోసేశాడు. పంపు ఎదురుగా వచ్చింది. మూత విప్పే ముందు కింద తువ్వాలు పరిచాను. అవి ఇత్తడి మరలు, జారి అడుగున పడితే అయస్కాంతానికి అంటవు. ఆరు మరలూ తువ్వాల్లోనే పడ్డాయి. మూత తీస్తే ఇంపెల్లరు రెక్కల్లో రెండు లేవు. మిగిలినవి పగుళ్లు. కొత్తది సామాన్ల పెట్టెలో ఉంది, బయల్దేరే ముందు నేనే వేయించాను. రెక్కలకి అంట్ల సబ్బు రాసి, తిరిగే వైపుకి వంచి, లోపలికి తోసి బిగించాను. స్టార్టు చెయ్యగానే వెనక గొట్టం నీళ్లు కక్కింది. మరదలు "వచ్చాయి బావగారూ, నీళ్లొచ్చాయి" అని అరిచింది. మొత్తం యాభై నిమిషాలు పట్టింది. ఆ యాభై నిమిషాల్లో ప్రవాహం మమ్మల్ని దాదాపు రెండు మైళ్లు మోసుకుపోయింది.

అసలు పని మర నాలుగు చుట్లు తిప్పడం. ఆ మర చేతికి అందక, గాలి లేచే వేళకి ముందు మిగిలిన టైమంతా పోగొట్టుకున్నాం. చిన్న పడవలో ఏ సామాను పెట్టుకోవాలన్నా ఇదే నా లెక్క. ఫ్రిజ్ వద్దనను, హీటరు వద్దనను. ఆగస్టులో కూడా ఆ పొద్దుటి చలికి హీటరు ఎంత హాయో నేను అనుభవించాను. కానీ పెట్టే ప్రతి వస్తువూ దాని వెనకున్న దాన్ని దాచేస్తుంది. లంగరులో ఊగుతున్న పడవలో, చీకట్లో, తడి చేత్తో ఒక మనిషి విప్పగలిగితేనే ఆ చోట దాన్ని బిగించాలి. లాంచీల్లో నాన్నకి ఈ బాధ లేదు. ఇంజను చుట్టూ మనిషి తిరిగేంత జాగా ఉండేది. 26 అడుగుల్లో ఇల్లంతా పట్టించాలనుకునే చోట ముందుగా పోయేది ఆ జాగాయే.

జలసంధి దాటి, అవతలి దీవిలోని ఫ్రైడే హార్బర్ చేరి, అక్కడ రెండు రోజులున్నాం. ఊళ్లో తిమింగలాల మ్యూజియం ఉంది, మరదలు చూసొచ్చింది. 1859లో ఈ దీవి మీద ఒక పందిని కాల్చారని అమెరికా, బ్రిటన్ సైన్యాలు ఎదురెదురుగా దిగి ఏళ్ల తరబడి కూర్చున్నాయి. 1872లో జర్మనీ చక్రవర్తి మధ్యవర్తిగా దీవులు అమెరికావని తేల్చేదాకా అంతే. చచ్చింది ఆ పంది ఒక్కటే. నేను ఆ రెండు రోజులూ ఇంజను దగ్గరే ఉన్నాను. విరిగిన రెక్కలు రెండూ ఎక్కడో ఉండాలి. ఉన్నాయని వదిలేస్తే నీటిదారికి అడ్డం పడతాయి. వేడి మార్చే హీట్ ఎక్స్‌చేంజరు మూత తీసి చూస్తే ఒకటి, దానికి ముందున్న వంపులో ఒకటి దొరికాయి. తమ్ముడు రేవు దగ్గర కొట్లో డక్టు కొని, ఈసారి పడవ గోడ వెంబడి పైనుంచి తిప్పాడు. గొట్టం రెండు మీటర్లు ఎక్కువ పట్టింది. అంతే ఖర్చు.

ఆ రెండు రోజుల్లోనే అతనికి పొద్దుటి పని అలవాటు చేశాను. కాఫీకి ముందు నేల పలక ఎత్తాలి. ఆయిలు పుల్ల, మంచినీటి మట్టం, బెల్టు బిగువు. డీజిలు వడకట్టే గాజు గిన్నెలో కింద నీళ్లు చేరాయేమో టార్చి వేసి చూడాలి. డీజిలు బరువు తక్కువ గనక నీళ్లు కిందికి దిగి విడిగా కనబడతాయి. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే రాత్రి చలికి లోపలి గాలిలో తేమ చెమటలా కారి డీజిల్లో పడుతుంది. నీళ్లుంటే సూక్ష్మజీవులు పెరుగుతాయి, నల్లటి జిగురు తయారవుతుంది. అందుకని పడవ కట్టేసే ముందు ట్యాంకు నింపాలి. తర్వాత షాఫ్టు బయటికి వెళ్లేచోట గ్లాండు. తిరుగుతున్నప్పుడు అది చుక్కచుక్కగా కారాలి. కారకపోతే లోపలి ప్యాకింగు కాలుతోందని, ధారగా కారితే వదులైందని. ఆగినప్పుడు కారకూడదు. ఇంతా కలిపి ఎనిమిది నిమిషాలు.

సుషియా దీవికి వెళ్లే దారిలో, మైలు పైన దూరంలో, నల్లటి పొడుగాటి రెక్కలు నీళ్లలోంచి లేచాయి. ఓర్కాలు. ఈ నీళ్లలో ఉండే కుటుంబాల్లో ఇప్పుడు డెబ్భై పైచిలుకు మాత్రమే మిగిలాయి. వాటి ముఖ్యమైన తిండి ఆ లాకుల మెట్లెక్కే చినూక్ సాల్మన్. చప్పుడు చేసి, దాని ప్రతిధ్వని విని వేటాడతాయి. ఇంజన్ల రొద ఎక్కువైతే వాటికి చేప దొరకదు. 2025 జనవరి నుంచి వాషింగ్టన్ చట్టం ప్రకారం పడవలు వాటికి వెయ్యి గజాల దూరంలో ఉండాలి. తమ్ముడు వేగం తగ్గించి పక్కకి తిప్పాడు. ముగ్గురం బైనాక్యులర్స్ చేతులు మార్చుకుంటూ చూశాం. ఇంకా దగ్గరికి పోదామని ఒక్కరికీ అనిపించలేదు.

సుషియా గురించి ముందే విన్నాను. 1960లో ఈ దీవిని ఇళ్ల స్థలాలకి అమ్మేస్తారని తెలిసి, ఇక్కడి పడవ క్లబ్బుల వాళ్లంతా చందాలేసుకుని దీవిని కొనేశారు. కొని రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చేశారు. ఇప్పుడది పార్కు. కాలుష్యం మీద, ఖర్చు మీద పడవల వాళ్లని ఎన్ని అన్నా, ఆ పని మాత్రం నన్ను కదిలించింది. మన లంకల్లో ఒక్కదాన్నయినా లాంచీల వాళ్లు, పడవల వాళ్లు కలిసి ఇలా కాపాడుకోగలిగితే అనిపించింది. సుషియా ఒడ్డున ఇసుకరాయి గోడలు తేనెపట్టులా తొలుచుకుపోయి ఉన్నాయి. అక్కడి ఎకో బేలో పడవలు కట్టుకోవడానికి ప్రభుత్వం వేసిన బోయాలన్నీ నిండిపోయాయి, మేం లంగరు వేసుకున్నాం.

లంగరు వెయ్యడమంటే కిందికి విసరడం కాదు. తెర మీద లోతు 15 అడుగులుంది. పోటుకి ఇంకో 8 అడుగులు లేస్తుంది. పడవ ముక్కు నీటికి 5 అడుగులు పైనుంది. మొత్తం 28. దానికి అయిదింతలు, అంటే 140 అడుగుల గొలుసూ మోకూ వదిలాం. లంగరు అడుగున పడుకుని లాగితేనే మట్టి పట్టుకుంటుంది, నిలువుగా లాగితే ఊడి వస్తుంది. వదిలాక వెనక్కి గేరు వేసి మెల్లిగా లాగి, ఒడ్డున రెండు చెట్లు గుర్తు పెట్టుకున్నాం. రాత్రి లేచి చూసినప్పుడు చెట్లు అక్కడే ఉన్నాయా అని. గొలుసు మీద 25 అడుగులకోసారి రంగు వేసి ఉండటం వల్ల ఎంత వదిలామో లెక్క తప్పలేదు.

మరదలు కుక్కర్లో పప్పు వండింది. కుక్కరు పెట్టడం వల్ల ప్రొపేన్ సగం ఆదా అయింది. ఈ గ్యాసు గాలి కంటే బరువు. కారితే పడవ అడుగుకి దిగి అక్కడే మాటు వేస్తుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకని సిలిండరు బయట డెక్కు మీద, అడుగున కంత ఉన్న పెట్టెలో ఉండాలి, కంతలోంచి కారిన గ్యాసు సముద్రంలోకి పోవాలి. వండటం అయ్యాక ముందు సిలిండరు దగ్గర వాల్వు కట్టేసి, పొయ్యిలో మిగిలిన గ్యాసు మండి ఆరేదాకా ఆవిడ నిలబడేది. ఎవరూ నేర్పకుండానే ఆ అలవాటు చేసుకుంది. మరుగుదొడ్డి నీళ్లు కూడా ఇక్కడ సముద్రంలోకి వదలకూడదు. 2018 నుంచి ప్యూజెట్ సౌండ్ అంతటా ఆ నిషేధం ఉంది. ట్యాంకులో పట్టి ఉంచి రేవులో తోడించుకోవాలి. ఆ రాత్రి సముద్రంలో కాళ్లు ఆడించినప్పుడు, చీకట్లో, వేళ్ల చుట్టూ నీలం నిప్పురవ్వలు లేచాయి. నీటిలోని సూక్ష్మజీవుల వెలుగు అది. తమ్ముడు చాలాసేపు కాలు బయటికి తియ్యలేదు.

తిరుగు దారిలో డిసెప్షన్ పాస్ ఉంది. రెండు కొండల మధ్య సన్నటి సందు, పైన 1935లో కట్టిన వంతెన. పోటుపాట్ల నడిమధ్య ఇక్కడ నీళ్లు గంటకి 8 నాటికల్ మైళ్ల దాకా పరిగెడతాయి. గౌతమి వేగం ఏడు. మిగతా లెక్క మీరే వేసుకోవచ్చు. పట్టికలో ప్రవాహం నిలిచే టైము చూసుకుని, గంట ముందే వెళ్లి పక్కన ఆగి, నీళ్లు నిలబడ్డాక దాటాం. అక్కడి నుంచి లా కానర్‌లో ఒక రాత్రి, ఆ కిందుగా ఎవరెట్, సియాటిల్. ఆ రెండు రోజుల్లో చెప్పడానికి పెద్దగా ఏమీ జరగలేదు. ఇంజను గురించి ఆలోచించకుండా కొండల్ని చూశాను.

లాకుల్లో ఎక్కి సరస్సు చేరేసరికి సాయంత్రం నాలుగయింది. ఇంజను మొత్తం తిరిగింది 32 గంటలు, పోసింది 200 లీటర్ల పైచిలుకు. ట్యాంకు నింపి, పడవ కట్టేశాక తమ్ముడు తనంతట తానే నేల పలక ఎత్తి, తెల్ల గుడ్డ తీసి చూసి, పుస్తకంలో రాసుకున్నాడు.

సియాటిల్ చుట్టుపక్కల ఉన్న మన తెలుగువాళ్లలో పడవ కొనుక్కోవాలని ఉందని నాతో చెప్పినవాళ్లు ఆ నెలలోనే నలుగురు. వాళ్లకి చెప్పిందే మీకూ చెబుతున్నాను. బేరానికి వెళ్లినప్పుడు పరుపులూ తెరలూ చూసే ముందు ఇంజను మూత ఎత్తించండి. ఒక స్క్రూడ్రైవరు మీ చేత్తో తీసుకెళ్లండి. సముద్రపు నీటి పంపు మూతకున్న మరలన్నీ మీరే విప్పి, మీరే బిగించండి. అడ్డం ఏదైనా ఉంటే, దాన్ని మీ కళ్ల ముందు తీయించాకే డబ్బు చెల్లించండి.